మేడమీది గదికి కంప్యూటర్

కాశిబుగ్గ, వరంగల్
17 జనవరి 1988

చిరంజీవి మొగిలికి మామ దీవెనలు.

ఇక్కడ మీ అత్తమ్మ, మా పిల్ల విజయ, నేను బాగానే ఉన్నాం. నూలు దుకాణం నడుస్తోందంటే నడుస్తోంది, కుంటుతోందంటే కుంటుతోంది. నూలు ధర పెరిగినప్పుడల్లా మగ్గాలవాళ్ళు వచ్చి, ఆ ధర నేనే పెంచినట్టు నా ముఖంలోకి చూస్తారు. అది ఎప్పుడూ ఉన్న గోలే.

అసలు సంగతికి వస్తాను. ఇంటికి ఒక కంప్యూటర్ కొనాలనుకుంటున్నాను. నవ్వకు. స్కూటర్ కోసం చీటీ కడుతున్నానని నీకు తెలుసు కదా, ఆ చీటీ ఎత్తాను. స్కూటర్ మానుకున్నాను. ఇన్నేండ్లు సైకిల్ తొక్కిన కాళ్ళు ఇంకొన్నేండ్లు తొక్కలేవా? కాబట్టి ఒక స్కూటర్ ధర నీ చేతిలో పెట్టాననుకో. అందులో ఇంట్లోకి పనికొచ్చే కంప్యూటర్ ఏదో నువ్వే చూసి చెప్పాలి. ఇక్కడ రేడియోలు, టీవీలు విప్పుకుంటూ తిరిగినవాడివి బొంబాయిలో కంప్యూటర్ల దుకాణంలో పనిచేస్తున్నావు. అది మన ఇంటావంటా లేని విద్య. నిన్ను కాక ఇంకెవరిని అడగను?

అడిగేవాడికి చెప్పేవాడు లోకువంటారు, అందుకే అన్నీ అడుగుతున్నాను. అది కరెంటు ఎంత తాగుతుంది? మా వీధిలో కరెంటు పండుగ చుట్టంలాంటిది, ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో చెప్పి రాదు. దానికి ఏసీ గది కావాలంటారు, నిజమేనా? హనుమకొండలో ఒక ఆఫీసులో చూశాను, చెప్పులు విడిచిగాని ఆ గదిలోకి పోనివ్వలేదు. చెప్పులు విడవమంటే విడుస్తాం. ఏసీ మాత్రం మా ఇంట్లో దేవుడికి కూడా లేదు. ఇంకొకటి, చెడిపోతే వరంగల్‌లో బాగుచేసేవాడు దొరుకుతాడా?

ఎందుకు, ఎవరికి అని ఇప్పుడే అడగకు. శుభకార్యంలాంటిదే అనుకో. వస్తువు ఇంటికి చేరాక అందరికీ నేనే చెబుతాను. ముఖ్యంగా మీ అమ్మకు రాయకు. మా అక్క నోట్లో నువ్వుగింజ నానదు. పాలకుర్తిలో ఆమె చెవిన పడిన మాట తర్వాతి బస్సుకే వరంగల్ చేరుతుంది.

మీ అత్తమ్మ పక్కన కూర్చుని అంటోంది: "బండి కొంటనన్నవు, గిప్పుడు పెట్టె కొంటనంటానవు. పిలగానికి గదన్న రాయి, మా ఆయనకు మతి సక్కగనే ఉందని." రాశాను.

పోస్టుమాన్ సైకిల్ గంట కోసం చెవులు రిక్కించి కూర్చున్న
మీ మామ, సారంగపాణి

*

పరేల్, బొంబాయి
29 జనవరి 1988

మామకు, అత్తమ్మకు మొగిలి నమస్కారాలు.

మీ ఉత్తరం చేరింది. నా గదిలో ఉండే సిరిసిల్ల పిల్లగాడు నా ముఖం చూసి, "ఏందన్నా, లాటరీ తగిలిందా?" అని అడిగాడు. ఏమీ లేదన్నాను. వాడు నమ్మలేదు.

ఎందుకని నేను అడగను మామా. మా నాయనకు మీ నాయన రాసిన ఉత్తరం సంగతి అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో మీకు తెలియనిది కాదు. "ఇంటికి ఒక రేడియో కావాలి, ఏది మంచిదో చూసి చెప్పు" అని రాశాడట తాత. ఏ ఇంటికి అని నాయన అడగలేదు. మన పెద్దలు అసలు మాట ఎప్పుడు నేరుగా ఎత్తారు గనుక? అబ్బాయి మనసు తెలుసుకోవడానికి ముందు ఒక వస్తువు పేరు తీస్తారు. ఆ రేడియో చివరికి అమ్మతోపాటే మా నాయన ఇంటికి వచ్చింది. ఇంతకంటే రాయాలంటే నాకు సిగ్గు.

ఇక కంప్యూటర్. స్కూటర్ ధరలో రెండు దారులున్నాయి. ఒకటి చిన్నది. చూడటానికి టైపు మిషన్ మీటల భాగం కోసి తెచ్చినట్టుంటుంది. దాన్ని ఇంట్లో ఉన్న టీవీకి తగిలిస్తే అక్షరాలు టీవీలో కనిపిస్తాయి. చేసిన పనిని మామూలు పాటల క్యాసెట్ మీద దాచుకోవచ్చు. ధర సగం స్కూటర్ కూడా కాదు. రెండోది ఆఫీసుల్లో వాడే రకం. దానికి సొంత తెర ఉంటుంది, చేసిన పనిని ఫ్లాపీ అనే నల్లని పలుచటి అట్టలో దాస్తుంది. కొత్తది కొనాలంటే రెండు స్కూటర్లు అమ్మాలి. కాని ఇక్కడ కంపెనీలు పాతవి తీసేస్తుంటాయి, అట్లాంటిది ఒక స్కూటర్ ధరకు దొరకొచ్చు. ఏసీ దేనికీ అక్కరలేదు. దుమ్ము పడకుండా గుడ్డ కప్పితే చాలు, వోల్టేజీకి ఒక స్టెబిలైజర్ పెట్టుకోవాలి. బాగుచేసేవాడి గురించి మీకు ఫికర్ ఎందుకు? నేను లేనా?

నాకైతే చిన్నదే మంచిదనిపిస్తోంది. చేతిసంచిలో పడుతుంది. రేపు రైల్లో ఇటు తెచ్చుకోవాలన్నా బరువు కాదు. నేను వేరే గది చూస్తున్నాను మామా. నల్లా లోపలే ఉంది. కిటికీలోంచి రైళ్ళు కనిపిస్తాయి. విజయకు చిన్నప్పుడు రైళ్ళంటే ఎంత ఇష్టమో! కాజీపేట స్టేషన్లో మనం ఎక్కాల్సిన బండిని వదిలి, ఎదుటి బండి ఎక్కుతానని ఏడ్చిన పిల్ల. ఈ సంగతి ఆమెకు చెప్పారా? ఏమంది?

అమ్మకు ఏమీ రాయలేదు. చేతులు దురద పెడుతున్నా రాయలేదు.

మీ మాట దాటని
మొగిలి

*

కాశిబుగ్గ
8 ఫిబ్రవరి 1988

చిరంజీవి మొగిలికి,

నీ ఉత్తరం మీ అత్తమ్మకు చదివి వినిపించాను. ఏసీ అక్కరలేదని తెలిసి ఆమె మనసు కుదుటపడింది. దుమ్ము పడకూడదన్నావు కదా, అప్పుడే గుడ్డ కుట్టడం మొదలుపెట్టింది. దాని పొడుగెంతో వెడల్పెంతో తెలియదు, ఏది కొంటామో తెలియదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే.

ఆ రేడియో సంగతి బాగా గుర్తు చేశావు. అప్పుడు నేను చిన్నవాణ్ణి. అక్క అత్తవారింటికి పోతుంటే నేను ఏడ్చానని అందరూ అనుకున్నారు. నేను ఏడ్చింది రేడియో పోతున్నందుకు. మంచి రేడియోనే గాని బ్యాటరీలు మహా మింగేది.

విజయకు చెప్పాను. ఆ సంతోషంలో పిల్ల అన్నం కూడా సరిగ్గా తినలేదు. "బావనే చూసి తీస్కుంటాండా?" అని అడిగింది. అవునన్నాను. "అట్లయితే నాకు ఫికర్ లేదు బాపూ" అంది. ఆ ముఖం చూస్తే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఒక్కగానొక్క పిల్ల, దాని ముఖంలో అంత వెలుగు చూసి చాలా రోజులైంది.

టీవీకి తగిలించేది మాత్రం మాకు కుదరదు. మా టీవీ పేరుకే మాది. ఆదివారం పొద్దున వీధంతా మా ఇంట్లోనే ఉంటుంది. సీరియల్ వేళకు పక్కింటి పూలమ్మ హారతిపళ్ళెంతో వస్తుంది. ఆ సమయంలో టీవీలో దేవుడికి బదులు అక్షరాలు కనిపిస్తే నన్ను వీధిలో బతకనివ్వరు.

పైగా రైల్లో అటూ ఇటూ తిప్పడం ఎందుకు చెప్పు? ఈ ఇంటికి ఒకసారి వచ్చిందంటే ఇక ఇక్కడే ఉండాలి. మేడమీద నూలు కట్టలు పెట్టుకునే గది ఖాళీ చేయించాను. సున్నం వేయించాను, ఫ్యాను బిగించాను. విజయ ఈ ఇల్లు విడిచి పోవాల్సిన అవసరం లేకుండా చేయాలన్నదే నా ఆశంతా. మీ అత్తమ్మది కూడా ఇదే మాట. నీ కొత్త గది సంగతి మంచిదే గాని, తొందరపడి అడ్వాన్సు ఇవ్వకు, బొంబాయి ఇంటివాళ్ళను నమ్మలేం.

నువ్వే స్వయంగా వచ్చి గదిలో అంతా అమర్చాలి. ఎవరో వచ్చి బిగిస్తే నాకు నచ్చదు. ఎప్పుడు వీలవుతుందో రాయి.

సున్నం వాసన ఇంకా పోని గదిలో కూర్చుని రాస్తున్న
మామ

*

పరేల్, బొంబాయి
22 ఫిబ్రవరి 1988

మామకు, అత్తమ్మకు నమస్కారాలు.

జవాబు ఆలస్యమైంది. కోపంతో కాదు. మీరు రాసింది చిన్న మాట కాదు, ఆలోచించుకోవాలి కదా.

ఇల్లరికం అని మీరు రాయలేదు. నన్ను చిన్నబుచ్చకూడదనే గది గురించి, సున్నం గురించి రాశారని నాకు అర్థమైంది. ఇక్కడ మనవాళ్ళు కొందరు, "ఇల్లరికపు అల్లుడంటే ఇంటి పిల్లికన్నా లోకువ" అని నవ్వుతారు. నాకు అట్లా అనిపించలేదు. మీకు కొడుకు లేడు. నాకు నాయన లేడు. చిన్నప్పుడు నన్ను సైకిల్ కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బడికి తీసుకుపోయింది మీరు. ఆ ఇంటికి రావడానికి నాకు చిన్నతనం ఏముంది? బొంబాయి పోతే పోయింది. వరంగల్‌లో కంప్యూటర్ బాగుచేసేవాడు దొరుకుతాడా అని అడిగారు కదా, నేనే మొదటివాణ్ణవుతాను.

మా దుకాణం సేఠ్‌కు చెప్పేశాను, ఉగాది తర్వాత పనికి రానని. కొత్త గది వద్దన్నాను.

అమ్మ గురించి ఒక్క మాట. పాలకుర్తిలో ఆమెను ఒంటరిగా ఉంచలేను. మేడమీది గదికి ఆనుకుని చిన్న అర ఉండాలి, దాన్ని ఆమెకు ఇస్తే చాలు. ఇది అడగకుండా ఒప్పుకోవడం నాకు చేతకాలేదు. ఈ ఒక్క విషయంలో మీ మాట కూడా దాటాను, అమ్మకు రాశాను. శివరాత్రికి గుట్టమీద సోమన్న దేవుడికి ఏం మొక్కుకుందో గాని, "నా మొక్కు గిన్నొద్దులకు తీరింది బిడ్డా" అని పక్కింటివాళ్ళతో రాయించింది.

ఇక రైల్లో తిప్పే పని లేదు కనుక పెద్దదే చూస్తున్నాను. ఒక కంపెనీ పాత కంప్యూటర్లు తీసేస్తోంది. తెర మీద పచ్చ అక్షరాలు, తట్టుకుంటే పదేండ్లు తట్టుకుంటుంది. నూలు లెక్కలు రాసే ప్రోగ్రాము నేనే దాంట్లో వేసి తెస్తాను. సాయంత్రం దుకాణం మూశాక మీరు, నేను కూర్చుని చూసుకోవచ్చు. విజయకు ఆటలు కూడా ఒకటి రెండు వేస్తాను.

ఆమె "బావ చూస్తే ఫికర్ లేదు" అన్నదని రాశారు. ఆ ముక్క చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను మామా. ఇట్లాంటివి మీకు రాయకూడదు. కాని ఇంకెవరికి రాయను?

మీవాడు
మొగిలి

*

కాశిబుగ్గ
5 మార్చి 1988

నాయనా మొగిలీ,

ఈ ఉత్తరం ఎట్లా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చింపాను. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

నీ ఉత్తరం వచ్చిన రోజే, నేను దాన్ని విప్పకముందే మా అక్క దిగింది. నెత్తిన మూట, చేతిలో కొత్త చీర, కొబ్బరికాయలు. గడప దాటుతూనే విజయను పట్టుకుని, "నా కోడలు పిల్ల, నా బంగారి" అని నుదురు ముద్దు పెట్టుకుంది. విజయ నా వంక, నేను మీ అత్తమ్మ వంక చూశాం. అక్క నన్ను చూసి, "ఇగో తమ్మీ, నా కొడుకు ఒప్పుకున్నడు. ఇల్లరికమైతేంది, ఇల్లు పరాయిదా? జర లగ్గం ఎప్పుడో చూపియ్యి" అంది. అప్పుడు నీ ఉత్తరం విప్పాను.

మొగిలీ, ఆ కంప్యూటర్ విజయ చదువుకోసం. బీఎస్సీ అయ్యాక హనుమకొండ చౌరస్తా దగ్గర కంప్యూటర్ కోర్సులో చేరింది. అక్కడ ఒక్కో కంప్యూటర్ చుట్టూ అరడజను మంది. మగపిల్లలు కూర్చుంటే లేవరట. దీని వంతు వచ్చేసరికి కరెంటు పోతుంది, లేదా తాళం వేసే టైమవుతుంది. చీకటి పడ్డాక బస్సులో వస్తుంటే మీ అత్తమ్మ వీధి చివర నిలబడి ఉంటుంది. ఒకరోజు మేడమీదికి పోయి చూస్తే, చీరల డబ్బా అట్టమీద కంప్యూటర్ మీటలన్నీ గీసుకుని, దానిమీద వేళ్ళు ఆడిస్తూ కూర్చుంది నా బిడ్డ. నన్ను చూసి ఆ అట్టను వెనక దాచుకుంది. ఆ రోజే స్కూటర్ మానుకున్నాను. ఇల్లు విడిచి పోవాల్సిన పని లేకుండా అని రాసింది ఆ బస్సు గురించి. ఇంకే ఉద్దేశంతోనూ కాదు.

దాచిపెట్టి ఎందుకు రాశానంటావా? పెండ్లీడు పిల్లకు బంగారం కొనక కంప్యూటర్ కొంటాడా అని చుట్టాలు నవ్వుతారనే భయం. ముందు వస్తువు ఇంటికి వస్తే, తర్వాత ఎవరేమన్నా పడొచ్చనుకున్నాను. నువ్వు రేడియో గురించి రాస్తే రేడియో గురించే అనుకున్నాను. గది గురించి రాస్తే బొంబాయి అడ్వాన్సుల గురించి హెచ్చరించాను. ఇంత మొద్దునని నాకే తెలియదు. నీ మనసులో ఇంత ఉందని తెలిస్తే, ఒక్క మాట కూడా అట్లా రాసేవాణ్ణి కాదు.

అక్క పోయి అరుగు మీద కూర్చుంది. మీ అత్తమ్మ ఏడ్చింది. నేను విజయతో, "బావ మంచోడు బిడ్డా, నువ్వేమంటవ్?" అన్నాను. అది చెప్పింది రాస్తున్నాను, ఒక్క మాట మార్చకుండా:

"బాపూ, నువ్వు బావకు రాసినవు. బావ అత్తమ్మకు రాసిండు. అత్తమ్మ గుట్టమీది దేవునికి మొక్కింది. అందరు అందర్ని అడిగిండ్లు. ఏ కంప్యూటర్ కావాల్నో కూడ నన్నడగలేదు, లగ్గం సంగతి గూడ నన్నడగలేదు. నేను ఈ ఇంట్లనే ఉన్న గద!"

దాని తరఫున అవునని రాయలేను, కాదని రాయలేను. ముందు నీ నౌకరీ నిలబెట్టుకో. సేఠ్ కాళ్ళు పట్టుకోవాల్సి వస్తే నేను వచ్చి పట్టుకుంటాను. అక్క ఇక్కడే ఉంది. ఆ చిన్న అర ఎప్పటికీ ఆమెదే. దానికి నీ పెండ్లితో పనిలేదు, ఆమె నా అక్క.

నిన్ను నొప్పించిన
మామ

*

పరేల్, బొంబాయి
14 మార్చి 1988

మామకు నమస్కారాలు.

మీరు నన్ను నొప్పించలేదు. నాకు కావలసింది నేనే మీ అక్షరాల్లో చదువుకున్నాను. కొంచెం బాధగా ఉంది, లేదంటే అబద్ధం. అయినా మీమీద కోపం రావడం లేదు.

సేఠ్ నా చోట ఇంకెవరినీ పెట్టుకోలేదు. "షాదీ లేదా? అయితే పని చేసుకో" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు దుకాణం మెట్లు దిగేదాకా నిలిచింది.

అమ్మను మీ దగ్గర ఉంచుకున్నందుకు ఏం రాయాలో తెలియడం లేదు. ఆమె కొత్త చీర విజయకు ఇచ్చేసే ఉంటుంది. వెనక్కి తీసుకోవద్దని చెప్పండి, మేనకోడలికి చీర పెట్టడానికి పెండ్లే కావాలా?

ఆ కంపెనీ పాత కంప్యూటర్ ఇంకా అట్టే పెట్టించాను గాని కొనలేదు. ఎవరు వాడతారో తెలియకుండా ఎంచితే ఎట్లా ఉంటుందో చూశాం కదా. నూలు లెక్కలట, ఆటలట! దీనితోపాటు ఇంకొక కాగితం పెడుతున్నాను. అది విజయకు. మీరు చదివినా నాకు అభ్యంతరం లేదు, కాని ముందు ఆమెకు ఇవ్వండి.

మొగిలి

విజయలక్ష్మికి,

నీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. నీ గురించి మాత్రం ఈ శీతాకాలమంతా రాస్తూనే ఉన్నాను. తప్పే.

నువ్వు అన్న మాటలు మామ రాశాడు. నిజమే, ఎవరమూ నిన్ను అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. మీ కోర్సులో ఏ కంప్యూటర్ మీద నేర్పుతున్నారు? ఫ్లాపీ ఎంత ఉంటుంది, అరచేతంత ఉంటుందా, ఇంకా పెద్దదా? అక్కడ చేసిన పని ఇంటికి తెచ్చుకుని ఇంట్లో సాగించుకోవాలా, లేక ఇంట్లో విడిగా నేర్చుకుంటే సరిపోతుందా? టీవీకి తగిలించేది నీ చదువుకు పనికిరాదని నాకు అనిపిస్తోంది. ఆఫీసు రకం పాతదైతే మామ దగ్గరున్న డబ్బులో వస్తుంది. కాని నాకు అనిపించేదాన్ని పక్కన పెట్టు. నీకు ఏది కావాలో రాయి, దాన్నే వెతుకుతాను. తొందర లేదు, సేఠ్ దుకాణంలో పాతవి వస్తూనే ఉంటాయి.

రెండో సంగతి కూడా నేనే చెప్పాలి, మామ చేత, అమ్మ చేత చెప్పించకూడదు. నువ్వంటే నాకు ఇష్టం. మేనమామ కూతురివని కాదు, ఇల్లు ఉందని కాదు. అట్టమీద మీటలు గీసుకున్నావని చదివాక ఆ ఇష్టం ఇంకా పెరిగింది. దీనికి జవాబు ఇప్పుడు రాయకు. చదువు పూర్తి చెయ్యి. ఆ తర్వాత చెప్పాలనిపిస్తే చెప్పు, అవునో కాదో. చెప్పాలనిపించకపోతే, అది కూడా జవాబే అనుకుంటాను. నీ మీద కోపం రాదు. అమ్మకు నేను నచ్చజెప్పుకుంటాను.

కాదన్నా సరే, ఒక్క మాట విను. ఆ కంప్యూటర్ ఎప్పుడైనా చెడిపోతే ఎవరి చేతా విప్పించకు. నాకు ఒక కార్డు ముక్క రాయి. ఎక్కడున్నా నేనే వచ్చి బాగుచేసి పోతాను.

మొగిలి